ఫెయిరింగ్ పగులు, లోతు గీతలు: ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, వైజాగ్ తేమలో రంగు ఎలా నిలబెట్టాలి?

సాగర్‌నగర్_రైడర్

అందరికీ నమస్కారం. 150 సీసీ ఫుల్ ఫెయిరింగ్ (చుట్టూ ప్లాస్టిక్ కవర్లున్న) బండి, ఎడమ పక్కకి పడింది. సైడ్ ప్యానెల్‌కి పై బోల్టు రంధ్రం దగ్గర మొదలై నాలుగు అంగుళాల పగులు. కింది లగ్గు (బోల్టు పట్టే చెవి) ఒకటి ఊడిపోయింది, ముక్క దాచి ఉంచాను. ఇండికేటర్ కింద అరచెయ్యంత మేర గీతలు, కొన్ని చోట్ల రంగు పోయి నల్ల ప్లాస్టిక్ బయటపడింది. రంగు మెటాలిక్ నీలం, మధ్యలో కంపెనీ స్టిక్కర్. కొత్త ప్యానెల్ కొనకుండా దీన్నే బాగుచేయాలని ఉంది. పగులుకి ఏం వాడాలి, రంగు స్ప్రే క్యాన్‌తో సరిపోతుందా, ఇక్కడి తేమకి తెల్లగా మచ్చలు రాకుండా ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఏబీఎస్_వెల్డర్

ముందు ప్యానెల్ విప్పండి. బండి మీదే ఉంచి అతికించింది నిలవదు, బలమంతా వెనక వైపు నుంచి ఇవ్వాలి కాబట్టి. విప్పేటప్పుడు ఒక అట్టముక్క మీద ప్యానెల్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. ఫెయిరింగ్ బోల్టులు పొడవులో రెండు మూడు రకాలుంటాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే లోపల వైరింగుని నొక్కేస్తుంది.

తరవాత వెనక్కి తిప్పి ప్లాస్టిక్ రకం చూడండి. అచ్చులోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఏబీఎస్, పీపీ (పాలీప్రొపైలిన్), లేదా పీసీ-ఏబీఎస్ (పాలీకార్బొనేట్, ఏబీఎస్ కలిసినది). గుర్తు కనపడకపోతే రెండు పరీక్షలు. వెనక అంచు నుంచి చాకుతో చిన్న తురుము తీసి, ఒక చుక్క సబ్బు కలిపిన మంచినీళ్లలో వెయ్యండి. తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ. సబ్బు ఎందుకంటే తురుముకి గాలి బుడగ అంటుకుని ఉంటే ఏబీఎస్ కూడా తేలి మోసం చేస్తుంది. రెండోది, దూదికి అసిటోన్ అద్ది కనపడని మూల తుడవండి. జిగురుగా అయి దూది అంటుకుంటే ఏబీఎస్. ఏమీ కాకపోతే పీపీ.

ఇది తేల్చుకోకుండా జిగురు కొనొద్దు. ఏబీఎస్‌కి పనికొచ్చేది పీపీకి అస్సలు అంటదు. మడ్‌గార్డులు, లోపలి నల్ల కవర్లు చాలావరకు పీపీ, రంగు వేసిన బయటి ప్యానెళ్లు చాలావరకు ఏబీఎస్. అయినా చూసుకునే ముందుకెళ్లండి.

అల్లిపురం_150

ఏటి గురూ, నాలుగు అంగుళాల పగులుకి ఇంత పనా? ఫెవిక్విక్ వేసి పైన వంటసోడా చల్లితే అరనిమిషంలో గట్టిపడిపోద్ది. చాలామంది అదే చేస్తారు కదా, అది చాలదా?

ఏబీఎస్_వెల్డర్

అంత గట్టిపడడమే దాని లోపం. ఏబీఎస్ కాస్త వంగే ప్లాస్టిక్. ఫెవిక్విక్-సోడా కలిసిన గడ్డ అసలు వంగదు. ఇంజిన్ వణుకుకి ప్యానెల్ ఆడుతూనే ఉంటుంది, గడ్డ ఆడదు, దాంతో ఆ గడ్డ అంచు వెంబడే కొత్త పగులు పుడుతుంది. పైగా దాన్ని సానబెడితే చుట్టూ మెత్తటి ప్లాస్టిక్ ముందు అరిగి, గడ్డ ఎత్తుగా మిగిలి రంగు కింద కనిపిస్తుంది. దానికి ఒక్కటే మంచి ఉపయోగం: పగులు రెండు అంచులు సరిగ్గా కలిపి పట్టి ఉంచడానికి వెనక వైపు అక్కడక్కడ ఒక్కో చుక్క. అసలు అతుకు వేరే పెట్టాలి.

సాగర్‌నగర్_రైడర్

వెనక ఏబీఎస్ అని స్పష్టంగా ఉంది. అసిటోన్‌కి జిగురు కూడా అయింది. ఇప్పుడు అసలు పద్ధతి చెప్పండి.

ఏబీఎస్_వెల్డర్

సరే, మొదటి నుంచి చివరి దాకా రాస్తాను.

పగులు చివర ఎక్కడ ఆగిందో టార్చి లైటు పక్కనుంచి కొట్టి వెతకండి. కంటికి కనపడే చివర కంటే కొంచెం ముందుకి పాకి ఉంటుంది. ప్యానెల్‌ని మెల్లగా వంచితే అక్కడ తెల్లగా పాలిపోయిన గీత కనిపిస్తుంది. ఆ తెల్లదనం చివర 2 లేదా 2.5 మి.మీ. బిట్టుతో రంధ్రం వెయ్యండి. వణుకు ఒత్తిడంతా పగులు మొనలో పోగవుతుంది, గుండ్రటి రంధ్రం దాన్ని చుట్టూ పంచేస్తుంది. ఈ ఒక్క రంధ్రం మానేస్తే ఎంత బాగా అతికినా పగులు అవతల పక్కకి పాకుతుంది.

ముందు వైపు రంగు మీద పగులు పొడుగునా అల్యూమినియం టేపు వేసి రెండు అంచులూ సమంగా కలపండి. వేలితో నిమిరితే మెట్టు తగలకూడదు. ఇప్పుడు వెనక నుంచి పగులు వెంబడి వి ఆకారంలో గాడి తియ్యండి, మందంలో మూడింట రెండొంతుల లోతు. చిన్న గ్రైండర్ ఉంటే మంచిది, లేకపోతే సాల్డరింగ్ ఐరన్ మొనతో గీసి చాకుతో తీర్చిదిద్దవచ్చు. గాడికి రెండు పక్కలా 25 మి.మీ. వెడల్పున 80 నంబర్ సాండ్ పేపరుతో గరుకు చెయ్యండి. నున్నటి వెనక భాగానికి ఏదీ పట్టదు.

ఏబీఎస్ ముద్ద ఇలా: ఏబీఎస్ గుర్తున్న పాత ప్యానెల్ ముక్కని, రంగు పూర్తిగా గీకేసి, సన్నగా తురమండి. ఏబీఎస్ త్రీడీ ప్రింటర్ తీగ దొరికినా సరే. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో ఒక వంతు తురుముకి రెండు మూడు వంతుల అసిటోన్ పోసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దుటికి తేనె జారినంత చిక్కగా ఉండాలి. నీళ్లగా ఉంటే తురుము, మరీ ముద్దగా ఉంటే అసిటోన్ కలపండి. నాలుగు అంగుళాల పగులుకీ ఒక లగ్గుకీ 30 మి.లీ. ముద్ద చాలు.

గాడిలో ముందు ఒట్టి అసిటోన్ బ్రష్షుతో ఒక్కసారి అద్దండి, పైపొర మెత్తబడుతుంది. వెంటనే ముద్ద నింపండి. ఒక్కో పొర 1 మి.మీ. దాటకూడదు, పొరకీ పొరకీ రెండు మూడు గంటలు. గాడి నిండాక దాని మీద 30 మి.మీ. వెడల్పు స్టీలు జాలీ పట్టీ, కిటికీలకి కొట్టే దోమల జాలీలో స్టీలుది, పెట్టి మళ్లీ ముద్దతో ముంచెయ్యండి. జాలీ అంచులు పైకి లేవకూడదు.

తరవాత ఆరబెట్టడం. చాలామంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. చేత్తో ముట్టుకుంటే గంటలో గట్టిపడినట్టే ఉంటుంది, లోపల అసిటోన్ ఇంకా ఉంటుంది. కనీసం 48 గంటలు, మందంగా వేసిన చోట 72 గంటలు నీడలో ఉంచండి. తొందరపడి రంగు వేస్తే మిగిలిన అసిటోన్ వారాల మీద బయటికి పోతూ అతుకు కుంగుతుంది. నున్నగా మెరిసే క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) కింద పగులు గీత మళ్లీ తేలుతుంది. అప్పుడు రంగు మొత్తం తీసి మొదటికి రావాల్సిందే.

అసిటోన్ ఆవిరి నిప్పుకి వెంటనే అంటుకుంటుంది. వంటగదిలో, దీపం దగ్గర, మూసిన గదిలో చెయ్యకండి.

ఎంవీపీ_ట్విన్

వేడి స్టేపుల్ గన్ గురించి కూడా చెప్పాలి. 0.6 లేదా 0.8 మి.మీ. అలల తీగలు, వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దింపేవి. పగులుకి అడ్డంగా 15 మి.మీ.కి ఒకటి చొప్పున వెనక నుంచి దింపి, ఆ పైన ముద్ద వేస్తే చాలా బలం. ఫెయిరింగ్ మందం సాధారణంగా 2.5 నుంచి 3 మి.మీ. మాత్రమే, అందుకే సగం మందం దాటకుండా దింపాలి. ఒక క్షణం ఎక్కువ నొక్కితే ముందు వైపు ఉబ్బు వస్తుంది. తీగ చల్లారాకే గన్ను లాగండి, వేడిగా లాగితే తీగ కూడా వచ్చేస్తుంది. ఏబీఎస్ కాలినప్పుడు వచ్చే పొగ పీల్చకూడదు, బాల్కనీలోనో మేడ మీదో చెయ్యండి.

గోపాలపట్నం_స్పోర్ట్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. అసిటోన్ బదులు గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడొచ్చా? నాది పీసీ-ఏబీఎస్ అని ఉంది, దానికీ ఇదేనా?

కెమిస్ట్రీ_బెంచ్

గోళ్ల ద్రవం వద్దు. చాలావాటిలో నీళ్లు, నూనె, సువాసన కలిపి ఉంటాయి, కొన్నిటిలో అసిటోనే ఉండదు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో అర లీటరు అసిటోన్ సీసా అడగండి.

పీసీ-ఏబీఎస్‌కి అసిటోన్ ముద్ద సరిపడదు. పీసీ భాగం అసిటోన్‌కి సన్నని పగుళ్లుగా నెరుస్తుంది, ఒత్తిడి ఉన్న చోట ఇంకా ఎక్కువ. దానికి స్టేపుల్ తీగలు, పైన నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ, మధ్యలో సన్నటి ఫైబర్ గ్లాస్ గుడ్డ. అరాల్డైట్‌లో ఐదు నిమిషాల రకం కాకుండా మామూలు రకం తీసుకోండి, సమపాళ్లలో కలపండి, ఒక రోజు కదపకండి. తొందరగా గట్టిపడే రకాలు వేడికీ తేమకీ తట్టుకోవడం తక్కువ.

పీపీ అయితే జిగురు ఆలోచనే మానెయ్యండి. పీపీ కడ్డీతో వెల్డింగ్ చెయ్యాలి.

ఏబీఎస్_వెల్డర్

లగ్గు సంగతి మర్చిపోలేదు. ముక్క ఉంది కాబట్టి సగం పని అయినట్టే. రెండు విరిగిన ముఖాలకీ అసిటోన్ అద్ది, పది సెకన్లు ఆగి, గట్టిగా నొక్కి పట్టి ఒక రాత్రి క్లిప్పు పెట్టండి. తరవాత లగ్గు మొదలు చుట్టూ ముద్దతో వంపుగా గట్టు కట్టండి. లగ్గు విరిగేది ఎప్పుడూ మొదలు దగ్గరే, అక్కడ నిలువు మూల ఉంటే మళ్లీ విరుగుతుంది, గుండ్రటి గట్టు ఉంటే నిలుస్తుంది. ముక్క పోయినవాళ్లు ఏబీఎస్ రేకుని రెండు పొరలుగా అంటించి 4 మి.మీ. మందం తెచ్చి ఆకారానికి కోసుకోవచ్చు. రంధ్రం చివర్న వెయ్యండి, ప్యానెల్‌ని బండి మీద పెట్టి, బ్రాకెట్ రంధ్రం గుండా గుర్తు పెట్టుకుని.

ఈ దశలోనే, రంగుకి ముందు, ప్యానెల్‌ని ఒకసారి బండికి బిగించి చూడండి. పడ్డ బండిలో ఫెయిరింగ్ బ్రాకెట్ 5 మి.మీ. వంగినా కంటికి తెలీదు. చేత్తో లాగి పట్టుకుంటే తప్ప బోల్టు రంధ్రం కలవకపోతే బ్రాకెట్ వంగిందన్నమాట, దాన్ని సరిచెయ్యండి. ప్యానెల్‌ని లాగి బిగిస్తే మొదటి నెలలోనే కొత్త పగులు.

పెయింట్‌గన్_గాజువాక

రంగు విషయం నేను చెప్తాను. ముందు గీతల లోతు కొలుచుకోండి. గోరు అడ్డంగా లాగితే తగలకపోతే గీత క్లియర్‌లోనే ఉంది. 2000 వాటర్ పేపరు, 3000, ఆ తరవాత రబ్బింగ్ కాంపౌండ్, అయిపోయింది. కంపెనీ క్లియర్ 40, 50 మైక్రాన్లు మాత్రమే, అందుకే ఒకే చోట రుద్దుతూ కూర్చోకండి. నీళ్లలో రంగు దిగడం మొదలైతే క్లియర్ దాటేసినట్టే. గోరు తగిలితే, మీ బండిలా ప్లాస్టిక్ కనపడితే, రంగు వెయ్యాల్సిందే.

మెటాలిక్ రంగుని ప్యానెల్ మధ్యలో ముక్కగా వేసి కలపాలని చూడకండి. రంగులోని లోహపు రేకుల పరుపు తేడా పడి మచ్చలా కనిపిస్తుంది. ప్యానెల్ మొత్తం వెయ్యండి.

వరస ఇది. గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తటి స్కాచ్‌బ్రైట్‌తో రెండు వైపులా కడగండి. ఆరాక వ్యాక్స్, గ్రీజు తీసే ద్రవంతో తుడవండి, అది లేకపోతే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్). ఒక గుడ్డతో రాసి, తడి ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి, లేకపోతే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరుతుంది. ప్లాస్టిక్ మీద పెట్రోలు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ వాడొద్దు, ఏబీఎస్ నెరుస్తుంది. ఈ తుడుపు సానబెట్టడానికి ముందే జరగాలి. టైరు పాలిష్, చైన్ స్ప్రేలో ఉండే సిలికాన్ ముందు పోకపోతే పేపరు దాన్ని గీతల్లోకి నూరేస్తుంది. తరవాత రంగులో గుండ్రటి గుంటలు పడతాయి, వాటినే ఫిష్ ఐ అంటారు.

గీతల అంచుల్ని 220తో ఏటవాలుగా దించి 320, 400. చేతివేళ్లతో కాదు, రబ్బరు బ్లాకుతో. వేళ్లతో రుద్దితే వేళ్ల మధ్య సందులు కాలవలుగా మిగిలి ఎండలో కనిపిస్తాయి. లోతు గుంటలకి ప్లాస్టిక్ బంపర్లకి వాడే వంగే పుట్టీ, ఒక్కసారి 2 మి.మీ. మించకుండా. గోడకి కొట్టే లప్పం, మామూలు ఎన్‌సీ పుట్టీ వద్దు, అవి కుంచించుకుపోతాయి. పుట్టీ హార్డెనర్ బరువులో 2 శాతం. తొందరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే, మిగిలిన హార్డెనర్ రంగులోకి ఊరి నెలకి మచ్చ తేలుతుంది. పుట్టీని పొడిగానే సానబెట్టండి, తడి చెయ్యకండి. అది నీళ్లు పీల్చుకుంటుంది, మన ఊళ్లో ఆ నీళ్లు బయటికి రావు.

నల్ల ప్లాస్టిక్ బయటపడ్డ చోట మాత్రమే ప్లాస్టిక్ ప్రైమర్, పారదర్శకంగా ఉండేది, పల్చగా ఒక కోటు. దాన్ని సానబెట్టకూడదు, డబ్బా మీద రాసిన టైములోపల తరవాతి ప్రైమర్ పడాలి. ఆపైన గ్రే ప్రైమర్ రెండు మూడు కోట్లు, కోటుకీ కోటుకీ పది నిమిషాలు. ఆరాక దాని మీద నల్ల స్ప్రే దూరం నుంచి దుమ్ములా చల్లి, 600 వాటర్ పేపరుతో బ్లాకు పెట్టి రుద్దండి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉంది. పల్లం ఉంటే మళ్లీ ప్రైమర్, మళ్లీ 600. నలుపు ఎక్కడా మిగలనంతవరకు ముందుకెళ్లొద్దు. చివర్లో 800.

సింహాచలం_ఘాట్

ఒక మాట కలుపుతాను. వాటర్ పేపరుకి వాడే నీళ్లు ముఖ్యం. సముద్రం పక్క కాలనీల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు ప్రైమర్ మీద ఆరితే ఉప్పు మిగులుతుంది. పైన రంగు వేశాక గాలిలో తేమని ఆ ఉప్పు రంగు గుండా లాక్కుంటుంది, ఆరు నెలలకి చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. కడగడం ఏ నీళ్లతో చేసినా, ప్రతి దశలోనూ ఆఖరి తుడుపు ఆర్‌ఓ నీళ్లతోనో బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తోనో చెయ్యండి. అర లీటరు చాలు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు రోజూ తిరిగే బండి అయితే ప్యానెల్ వెనక భాగం, బోల్టు రంధ్రాల చుట్టూ కూడా కడగాలి.

పోర్టు వైపు ఉండేవాళ్లకి ఇంకో గొడవ, బొగ్గు దుమ్ము. వన్‌టౌన్, మల్కాపురం మేడల మీద తడి క్లియర్ పెడితే నల్ల చుక్కలు పడతాయి. బయటి గాలి కొట్టని గదిలో, దుమ్ము లేవకుండా నేల తడిపి పెట్టుకోండి.

సాగర్‌నగర్_రైడర్

నేల తడిపితే గదిలో తేమ పెరగదా?

కెమిస్ట్రీ_బెంచ్

పెరుగుతుంది. కాబట్టి తేమ ఎక్కువున్న రోజు తడపకండి, ముందు రోజే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

తెల్ల మచ్చల కారణం తెలిస్తే ఎప్పుడు వెయ్యాలో మీకే తేలుతుంది. స్ప్రే చెయ్యగానే థిన్నర్ ఆవిరైపోతూ ప్యానెల్ వేడిని లాక్కుంటుంది, పైభాగం చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలి 30 డిగ్రీలుండి తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల దగ్గరే మంచు బిందువు. అంటే ప్యానెల్ పైభాగం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గాలిలో నీళ్లు తడి రంగు మీద కూర్చుంటాయి. అదే మీరు చూసే తెల్లటి పాల పొర. అదే 30 డిగ్రీల్లో తేమ 60 శాతం ఉంటే మంచు బిందువు 21కి దిగుతుంది, తొమ్మిది డిగ్రీల వెసులుబాటు దొరుకుతుంది.

చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని పని చేసే చోటే పెట్టండి. ఫోన్లో చూపే అంకె మీ గది అంకె కాదు. 65 దాటితే రంగు వెయ్యకండి. వైజాగ్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు లోపల. అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజుల్లో, జూలై, ఆగస్టు ముసురులో ప్రైమర్ వరకే ఆగండి. తప్పనిసరైతే నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్ అడగండి, దాన్ని రిటార్డర్ అంటారు. ప్యానెల్‌ని ముందే ఎండలో కాసేపు ఉంచి గోరువెచ్చగా తెచ్చి, నీడలో వెయ్యండి.

పాల పొర వచ్చేస్తే కంగారు పడొద్దు. హార్డెనర్ లేని వన్ కె స్ప్రే అయితే, తేమ తగ్గిన రోజు రిటార్డర్ థిన్నర్ పల్చగా ఒక కోటు చల్లితే పైపొర మళ్లీ కరిగి నీళ్లు బయటికి పోతాయి. హార్డెనర్ కలిపే టు కె గట్టిపడ్డాక ఆ దారి లేదు, సానబెట్టి మళ్లీ వెయ్యాలి.

పెయింట్‌గన్_గాజువాక

క్లియర్ విషయంలో మాత్రం వన్ కె క్యాన్ వద్దంటాను. హార్డెనర్ లేని క్లియర్ ఎన్నాళ్లయినా పెట్రోలుకి కరుగుతుంది. ట్యాంకు నింపేటప్పుడు రెండు చుక్కలు జారితే ఫెయిరింగ్ పై అంచు జిగురవుతుంది. టు కె పీయూ (పాలీయురెథేన్) క్లియరే వెయ్యాలి. క్లియర్ రెండు వంతులు, హార్డెనర్ ఒక వంతు, థిన్నర్ డబ్బా చెప్పినంత. ఒక సైడ్ ప్యానెల్‌కి కలిపినది 150 మి.లీ. చాలు. చిన్న కంప్రెసర్, 1.3 మి.మీ. నాజిల్ గన్ను, గన్ను దగ్గర 2 బార్. కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ఫిల్టర్ తప్పనిసరి, ప్రతిసారీ ట్యాంకు అడుగు మర వదిలి నీళ్లు తీసెయ్యాలి. మన గాలికి అరగంటకే చెంచాడు నీళ్లు పడతాయి.

కెమిస్ట్రీ_బెంచ్

పెట్రోలు మాట నిజమే. కానీ టు కెని ఇంట్లో స్ప్రే చెయ్యమనడం నేను ఒప్పుకోను. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. దాని వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. ఊపిరితిత్తులకి ఒకసారి అది పడని స్థితి వస్తే, ఆ తరవాత లేశమాత్రం తగిలినా ఉబ్బసం వస్తుంది, ఆ స్థితి వెనక్కి పోదు. గుడ్డ మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జీ మాస్కు తక్కువలో తక్కువ, వృత్తిగా చేసేవాళ్లకి బయటి నుంచి గాలి అందించే మాస్కే చెప్తారు. కళ్లు, చర్మం కూడా కప్పుకోవాలి. అపార్టుమెంటు బాల్కనీలో వేస్తే పక్కింటి పిల్లలు కూడా పీలుస్తారు. టు కె ప్రైమర్‌కీ, అడుగున పిన్ను నొక్కే టు కె క్యాన్‌కీ ఇదే వర్తిస్తుంది.

పెయింట్‌గన్_గాజువాక

ఆ భయం సరైనదే, కాదనను. అలాగైతే పని పంచుకోండి. అతుకు, పుట్టీ, ప్రైమర్, 800 దాకా ఇంట్లో. బేస్ కోటు (అసలు రంగు పొర), క్లియర్ రెండూ ఆటోనగర్‌లో బూత్ ఉన్న పెయింటర్ దగ్గర. ఫలితం తేలేది ఎక్కువగా ప్రైమర్ దాకా చేసిన పనిలోనే. క్లియర్ కింద ఏదీ దాగదు, ప్రైమర్‌లో ఉన్న ప్రతి గీతా పదింతలు కనిపిస్తుంది.

కానీ బేస్ ఇంట్లో వేసి క్లియర్ మాత్రం వారం తరవాత షాపులో వేయిద్దామనుకోకండి. బేస్ మీద క్లియర్ సాధారణంగా 24 గంటల్లోపు పడాలి, దాటితే పట్టు తగ్గి పొరగా ఊడుతుంది. రెండూ ఒకే చోట, ఒకే రోజు. ఇంట్లో ఏ ప్రైమర్ వాడారో పెయింటర్‌కి చెప్పండి. థిన్నర్ గుడ్డతో రుద్దితే కరిగే ప్రైమర్ అయితే అతను మొదటి కోటు పొడిగా, పల్చగా వేస్తాడు. చెప్పకపోతే నేరుగా తడి కోటు కొడతాడు, ప్రైమర్ ముడతలు పడుతుంది.

కెమిస్ట్రీ_బెంచ్

ఈ పద్ధతి బాగుంది. ప్రైమర్‌కి ఇంకో దారి: రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్‌ని చిన్న స్పాంజి రోలరుతో వెయ్యడం. స్ప్రే తుంపర లేవదు, ఐసోసయనేట్ ఉండదు, థిన్నర్‌కి కరగదు. రోలరు గరుకు 320, 600తో పోతుంది. చర్మానికి తగిలితే దద్దుర్లు రావచ్చు, నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి.

అల్లిపురం_150

సరే గురూ, ఫెవిక్విక్ ఆలోచన వదిలేశాను. నా బండిది బెల్లీ పాన్ (ఇంజిన్ కింది కవరు), పెట్రోలు తగలని చోటు, మామూలు నలుపు. దానికి స్ప్రే క్యాన్ సరిపోతుంది కదా? ఎలా కొట్టాలి?

ఎంవీపీ_ట్విన్

సరిపోతుంది. 400 మి.లీ. క్యాన్లు ప్రైమర్ ఒకటి, నలుపు ఒకటి, క్లియర్ ఒకటి. లేత రంగులకీ ముత్యపు రంగులకీ రంగు క్యాన్ రెండు తీసుకోవాలి.

క్యాన్‌ని గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి, వేడి నీళ్లు వద్దు, పేలుతుంది. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. 20 నుంచి 25 సెం.మీ. దూరం, చెయ్యి ప్యానెల్‌కి సమాంతరంగా కదలాలి, మణికట్టు తిప్పితే మధ్యలో మందం, అంచుల్లో పలచన. ప్యానెల్ బయట నొక్కి, దాటి బయటికెళ్లాక వదలండి, ఎందుకంటే నొక్కిన క్షణంలోనే పెద్ద చుక్కలు పడతాయి. ప్రతి గీటూ ముందు గీటుని సగం కప్పాలి. మొదటి కోటులో కింద ప్రైమర్ కనపడాలి, అదే సరైన పలచన. మూడో కోటుకి నిండుతుంది. మధ్యలో పది నిమిషాలు. మెటాలిక్ అయితే ఆఖరి కోటు 30 సెం.మీ. దూరం నుంచి పొడిగా చల్లితే రేకులు సమంగా పరుచుకుంటాయి. ప్యానెల్ బండి మీద ఎలా నిలబడుతుందో అలాగే వేలాడదీసి వెయ్యండి.

క్లియర్ కారితే తుడవకండి. వారం ఆరనిచ్చి, 1000 పేపరుని గట్టి చెక్కకి చుట్టి ఆ కారిన గుబ్బ మీదే రుద్ది, 1500, 2000, కాంపౌండ్. ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) వచ్చినా ఇదే మందు.

క్లియర్ వేసిన వెంటనే ఎండలో పెట్టకండి. పైపొర ముందు బిగుసుకుని, కింద థిన్నర్ ఉడికి సూదిమొనంత బుడగలు వస్తాయి. గంటన్నర నీడలో ఉంచి ఆ తరవాత లేత ఎండ.

సాగర్‌నగర్_రైడర్

స్టిక్కర్ సంగతి? రంగు కోడ్ ఎక్కడుంటుంది?

పెయింట్‌గన్_గాజువాక

స్టిక్కర్ అంచు మీద గోరు లాగండి. తగిలితే పైన అంటించింది, హెయిర్ డ్రయర్ వేడికి ఊడుతుంది. తగలకపోతే క్లియర్ కింద ఉంది, సానలో పోతుంది, కొత్త సెట్టు ముందే తెప్పించుకోండి. కింద పెట్టాలనుకుంటే బేస్ మీద ఒక పల్చటి క్లియర్, అది ఆరాక స్టిక్కర్, నీళ్లతో అంటించి ఉంటే ఒక రోజు ఆరనిచ్చి, మొదటి క్లియర్ దుమ్ములా, తరవాత నిండుగా. మొదటిదే నిండుగా పోస్తే స్టిక్కర్ అంచు ముడుచుకుంటుంది.

కోడ్ చాలా బండ్లకి సీటు కింద లేబుల్ మీద ఉంటుంది. కానీ ఐదేళ్లు ఎండలో ఉన్న బండికి కోడ్ రంగు కొత్తగా, వేరుగా కనిపిస్తుంది. కుడి ప్యానెల్‌ని కాంపౌండ్‌తో రుద్ది శుభ్రం చేసి దాన్నే రంగు కలిపే షాపుకి పట్టుకెళ్లండి. కలిపిన రంగుని డబ్బాలో చూసి ఒప్పుకోవద్దు. ప్రైమర్ కొట్టిన రేకు మీద చల్లించి, క్లియర్ వేయించి, ఆరాక బయట ఎండలో నిటారుగా, ఏటవాలుగా రెండు కోణాల్లో పోల్చండి. రంగే మార్చేస్తే మాత్రం ఆర్‌సీలో రంగు మార్పించుకోవాలి.

గోపాలపట్నం_స్పోర్ట్

రంగు లేని, గరుకు నల్ల ప్లాస్టిక్ మీద గీతలకి ఇదే పద్ధతా?

ఏబీఎస్_వెల్డర్

కాదు. అక్కడ గరుకు అచ్చులోంచి వచ్చింది, సానబెడితే నున్నటి మచ్చ పడి ఇంకా కనిపిస్తుంది. పైపైన తెల్లబడ్డ గీతలైతే హీట్ గన్‌ని కదుపుతూ దూరం నుంచి చూపిస్తే నలుపు తిరిగొస్తుంది. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, ఒకేచోట ఆపొద్దు. లోతు గీతలుంటే మొత్తం భాగానికి గరుకు బంపర్ స్ప్రే కొట్టడం ఒక్కటే దారి. మ్యాట్ క్లియర్ వేసిన భాగాల్ని కూడా కాంపౌండ్‌తో రుద్దకూడదు, ఆ చోటు మెరిసిపోతుంది.

ఎంవీపీ_ట్విన్

బిగించడం గురించి ఎవరూ రాయలేదు. టు కె అయితే 24 గంటల తరవాత పట్టుకోవచ్చు, బోల్టులు మాత్రం మూడు రోజుల తరవాతే, లేకపోతే వాషర్ కింద క్లియర్ నలిగి గుండ్రటి అచ్చు పడుతుంది. వారం దాకా కడగొద్దు, నెల దాకా వ్యాక్స్ వద్దు.

ప్రతి బోల్టు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (వలయం), దాని లోపల ఇనుప కాలర్ (చిన్న గొట్టం) ఉన్నాయో లేదో చూడండి. కాలర్ ఉంటే బోల్టు ఎంత బిగించినా బలం దాని మీద పడుతుంది. కాలర్ పోతే అదే బలం ప్లాస్టిక్ మీద పడి రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది. సాగర్‌నగర్ గారూ, మీ పగులు కూడా బోల్టు రంధ్రం దగ్గరే మొదలైంది కాబట్టి అక్కడ కాలర్ ఉందో లేదో ముందు చూసుకోండి. ముందు అన్ని బోల్టులూ రెండు చుట్లు మాత్రం తిప్పి వదిలి, ప్యానెల్ అన్ని రంధ్రాల్లో కూర్చున్నాక మధ్య నుంచి అంచులకి బిగించుకుంటూ రండి.

సాగర్‌నగర్_రైడర్

ఇప్పుడే చూశాను. పై రంధ్రంలో గ్రోమెట్ ఉంది, కాలర్ లేదు. మిగతా మూడింటిలో రెండూ ఉన్నాయి.

ఎంవీపీ_ట్విన్

అయితే దొరికింది. స్పేర్స్ షాపుకి ఉన్న కాలర్లలో ఒకటి పట్టుకెళ్లి, లోపలి వ్యాసం, ఎత్తు రెండూ కలిసేది తీసుకోండి. ఎత్తు గ్రోమెట్ కంటే అర మి.మీ. తక్కువ ఉండాలి, అప్పుడే రబ్బరు కొంచెం నొక్కుకుని పట్టు వస్తుంది. ప్యానెల్‌ని పెయింటర్‌కి ఇచ్చే ముందే అది వేసి ఒకసారి బిగించి చూడండి.